అభిప్రాయం కూడా గైడులోనే

పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో ఆన్ ఫ్రాంక్ డైరీ నుంచి తీసిన పాఠం ఒకటుంది. సీబీఎస్‌ఈ పిల్లలకు అది ఎప్పటి నుంచో పరిచయం. 2024-25లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తెచ్చాక మన ప్రభుత్వ బడి పిల్లల చేతికీ వచ్చింది. 1942 జూన్‌లో ఓ పదమూడేళ్ల పిల్ల రాసుకున్న కబుర్లవి. తరగతిలో అదేపనిగా మాట్లాడుతోందని లెక్కల మాస్టారు కీసింగ్ ఆమెకు శిక్షగా ఒక వ్యాసం రాసుకురమ్మంటాడు. అంశం ‘వాగుడుకాయ’. ఆన్ కాసేపు ఆలోచిస్తుంది. మాటకూ మాటకూ మధ్య ఎడం పెంచి పేజీలు నింపడం ఎవరైనా చేస్తారు, మాట్లాడటం అవసరమని ఒప్పించేలా వాదించడంలోనే ఉంది పని అనుకుంటుంది. మాట్లాడటం విద్యార్థి లక్షణమనీ, తగ్గించుకోవడానికి తనవంతు ప్రయత్నిస్తాననీ, కానీ తన తల్లిదీ ఇదే ధోరణి కాబట్టి వారసత్వంగా వచ్చిన గుణానికి పూర్తిగా మందు లేదనీ రాస్తుంది. మాస్టారు నవ్వుకుంటాడు. ఆమె మళ్లీ మాట్లాడుతుంది, ఆయన మళ్లీ వ్యాసం వేస్తాడు. మూడోసారి ఆ పిల్ల స్నేహితురాలి సాయంతో ఏకంగా పద్యం కట్టి ఇస్తుంది. అతిగా అరుస్తున్నాయని మూడు బాతుపిల్లలను తండ్రి హంస కొరికి చంపిన కథ అది. చురక ఎవరికి తగలాలో వారికి తగిలింది. మాస్టారు నొచ్చుకోకపోగా దాన్ని తన వ్యాఖ్యలు జోడించి తరగతిలో చదివి వినిపించాడు, వేరే తరగతుల్లోనూ చదివాడు. ఆ తర్వాత ఆమె మాట్లాడితే ఏమీ అనలేదు.

వాదన ఎలా నిలబెట్టాలి, ఎదుటివాడి మాటలో ఎంతవరకు ఒప్పుకోవాలి, చమత్కారం ఎక్కడ పనిచేస్తుంది, పై అధికారి తప్పును మర్యాద చెడకుండా ఎలా చూపాలి అన్నవన్నీ ఈ నాలుగు పేజీల్లో ఉన్నాయి. మన పిల్లలు ఈ పాఠం నుంచి పరీక్షకు తీసుకుపోయేది మాత్రం ఇంతే: కీసింగ్‌కు ఆన్ మీద కోపం ఎందుకు వచ్చింది? జవాబు మూడు వాక్యాలు. పాఠం వెనక ‘మీరేమనుకుంటున్నారు’ తరహా ప్రశ్నలూ ఉంటాయి. వాటికీ గైడులో జవాబు అచ్చై ఉంటుంది. ‘నా అభిప్రాయం ప్రకారం’ అని మొదలయ్యే ఆ నాలుగు వాక్యాలను పిల్లవాడు స్టడీ అవర్‌లో చూడకుండా అప్పజెబుతాడు. తన అభిప్రాయం ఏమిటో తాను అనుకోకముందే వాడికి కంఠతా వచ్చేస్తోంది.

దీన్ని ఇంగ్లిష్ చదువు అంటున్నాం. ఒక్క నవల కూడా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివించకుండా, ఒక్క విషయం మీద కూడా సొంతంగా వాదించి రాయించకుండా పన్నెండేళ్లు గడిపి, చివర్లో నూటికి తొంభై అయిదు మార్కులు చేతిలో పెట్టి పంపడం పిల్లలను మోసం చేయడమే. ఇందులో మొదటి ముద్దాయి పిల్లవాడు కాదు, టీచరూ కాదు. ప్రశ్నపత్రం తయారు చేసే బోర్డు.

ఇంటర్మీడియెట్ పేపర్ తీసి చూడండి. పాఠంలోంచి ఒక వాక్యమో, పద్యంలోంచి రెండు పాదాలో ఇచ్చి వ్యాఖ్యానించమంటారు. చూడటానికి ఎంత మంచి ప్రశ్న! మనిషి ఒక వాక్యం ముందు ఆగి, అది అక్కడే ఎందుకు వచ్చింది, ఎవరు ఎవరితో అన్నారు, ఎందుకన్నారు అని ఆలోచించాల్సిన చోటు. గైడులో దీనికి గళ్లు కట్టి పెట్టారు. పరిచయం, సందర్భం, అర్థం, చివర్లో ‘క్రిటికల్ కామెంట్’. ఆ చివరి గడిలో ఒకే ఒక్క వాక్యం ఉంటుంది, కవి ప్రకృతిని అద్భుతంగా వర్ణించాడనో, రచయిత మానవ విలువలను చాటాడనో. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా పిల్లలు ఆ వాక్యాన్నే మక్కికి మక్కి దించి దాన్నే విమర్శ అనుకుంటారు. దిద్దేవారి చేతిలో ఉన్న సూచనలోనూ ఆ గళ్లే ఉంటాయి కాబట్టి మార్కులు పడతాయి. ఆ కవి ఏమీ గొప్పగా వర్ణించలేదని, కారణం చూపించి రాసిన పిల్లకు మార్కులు పడతాయా? అలా రాసే సాహసం ఎవరూ చేయరు. పిల్లలకు ఆ మాత్రం లోకజ్ఞానం ఉంది.

సీబీఎస్‌ఈ కథ కాస్త మెరుగని చెప్పుకుంటారు. అక్కడి రాత ప్రశ్నల్లోనూ పెత్తనం ఫార్మాట్‌దే. నోటీసు రాస్తే చుట్టూ డబ్బా గీయాలి, ఉత్తరం రాస్తే పంపేవారి చిరునామా, తేదీ, విషయం వరసగా ఉండాలి. ఆ వరసకు విడిగా మార్కు ఉంటుంది. మున్సిపల్ కమిషనర్‌కు రాసిన ఫిర్యాదులో కాలువ పూడిక ఎందుకు తీయాలో చెప్పే కారణం డొల్లగా ఉన్నా ఆ వరస తప్పకపోతే చాలు.

నవల సంగతి ఇంకా విచిత్రం. 2010 దశకం మొదట్లో సీబీఎస్‌ఈ ఒక మంచి పని చేసింది. తొమ్మిది, పది తరగతులకు పూర్తి నిడివి పుస్తకాలు పెట్టింది. తొమ్మిదిలో జెరోమ్ కె. జెరోమ్ ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’, ‘గలివర్స్ ట్రావెల్స్’, పదిలో ఆన్ ఫ్రాంక్ డైరీ లేదా హెలెన్ కెల్లర్ ఆత్మకథ. పన్నెండుకు హెచ్.జి. వెల్స్ ‘ఇన్విజిబుల్ మ్యాన్’, జార్జ్ ఎలియట్ ‘సైలస్ మార్నర్’. సంక్షిప్తం చేయని పుస్తకం హైస్కూలు పిల్లల చేతికి రావడం చిన్న విషయం కాదు. ఆ వెంటనే బజారులోకి అధ్యాయాల వారీ సారాంశాలు, పాత్రల స్వభావ చిత్రణలు, ‘మోస్ట్ ఇంపార్టెంట్’ ప్రశ్నలు దిగిపోయాయి. పుస్తకం తెరవకుండానే పుస్తకం మీద మార్కులు వచ్చే ఏర్పాటు జరిగిపోయింది. ఎందుకంటే ప్రశ్నలు అలాగే అడిగారు. ఫలానా అధ్యాయంలో ఏం జరిగింది, ఫలానా పాత్ర గురించి రాయండి. సారాంశం చదివినవాడికీ పుస్తకం చదివినవాడికీ తేడా కనిపెట్టలేని ప్రశ్న వేసి, పిల్లలు పుస్తకం చదవడం లేదని వగచి, దశాబ్దం ముగిసేసరికి ఆ పుస్తకాలనే సిలబస్ లోంచి ఎత్తేశారు. మొత్తం డైరీ ఉన్న చోట ఇప్పుడు చిన్న ముక్క మిగిలింది. ప్రశ్న మార్చాల్సిన చోట పుస్తకాన్ని తీసేశారు.

మన రాష్ట్ర బోర్డుల్లో నవల అంటే ‘నాన్‌డిటెయిల్డ్’. రెండు తరాలుగా వాడుకలో ఉన్న ఈ మాటకు ఇంట్లో అర్థం, పట్టించుకోనక్కర్లేనిది అని. తెలంగాణ ఇంటర్ రెండో సంవత్సరంలో ‘రాబిన్సన్ క్రూసో’ పెట్టారు, కుదించి. దాన్ని కూడా అధ్యాయానికో ప్రశ్నగా కోసి పంచారు. దీవిలో ఒంటరిగా చిక్కుకున్న మనిషి, తనకు దొరికిన మరో మనిషికి పేరు కూడా అడగకుండా తానే ఫ్రైడే అని పేరు పెట్టి సేవకుడిగా చేసుకున్నాడు. పదిహేడేళ్ల పిల్లల ముందు ఈ ఒక్క విషయం పెట్టి ఇది స్నేహమా, బానిసత్వమా అని అడిగితే తరగతి రెండుగా చీలిపోయి గంట కొట్టినా లేవదు. మనవాళ్లు అడిగింది క్రూసో దీవికి ఎలా చేరాడని.

ఎవరూ ప్రయత్నించలేదని అనడం అన్యాయం. ఉమ్మడి రాష్ట్రంలో 2011 విద్యా ప్రణాళిక చట్రం వచ్చాక కొత్త పుస్తకాలు రాశారు, పదో తరగతికి 2014-15లో వచ్చాయి. ఆ ఇంగ్లిష్ పుస్తకం చూసినవారు ఆశ్చర్యపోయారు. పి. సత్యవతి కథ ఇంగ్లిష్‌లో ఉంది. వామన్ హోవాళ్ రాసిన ‘ద స్టోరీడ్ హౌస్’ ఉంది. బొంబాయిలో ఉద్యోగం చేసి రిటైరైన బాయాజీ అనే దళితుడు సొంతూరికి వచ్చి మేడ కట్టుకోవాలనుకుంటాడు. ఊరి పెద్దలకు కంటగింపు. చివరికి బయటికి మామూలు ఇల్లులా కనబడేలా, లోపల మాత్రం మేడ ఉండేలా కట్టుకుంటాడు. గృహప్రవేశం రాత్రి ఇల్లు తగలబడుతుంది, బాయాజీ చనిపోతాడు. కొడుకులు మళ్లీ కట్టడానికి పునాది తవ్వడం మొదలుపెడతారు, ఈసారి రెండంతస్తులు.

ఇటువంటి కథ ఒక జిల్లా పరిషత్ హైస్కూలు తరగతి గదిలో చదివిస్తే ఎంత పేలుడు సామగ్రి ఉందో ఊహించండి. ఆ గదిలో మేడలున్న ఇళ్ల పిల్లలూ ఉంటారు, మేడ కట్టుకోనివ్వని వాడల పిల్లలూ ఉంటారు. బాయాజీ బయటికి కనిపించకుండా కట్టుకోవడం తెలివా, లొంగుబాటా? కొడుకులు పట్టుబట్టడం ధైర్యమా, మరో మంటను పిలవడమా? ఏ వాక్యాన్ని బట్టి అలా అంటున్నావు? నీ పక్కవాడు ఒప్పుకోకపోతే ఏం చెబుతావు? వాదన రాయడం నేర్పాలంటే వేరే సరంజామా ఏదీ అక్కర్లేదు. ఆ పుస్తకం తయారుచేసినవారి ఆలోచనా అదే. పాఠం వెనక ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టించవద్దని, పిల్లలే సొంతంగా డైరీ, సంభాషణ, ఉత్తరం, వ్యాసం రాయాలని టీచర్లకు శిక్షణలు ఇచ్చారు. వీటికి ‘డిస్కోర్సులు’ అని పేరు.

ఏడాది తిరగకముందే ‘మోడల్ డిస్కోర్సులు’ వచ్చేశాయి. బాయాజీ చనిపోయిన రాత్రి కొడుకు రాసుకున్న డైరీ ఎలా ఉంటుందో ‘ఆల్ ఇన్ వన్’ గైడు ముందే రాసిపెట్టింది. లక్షమంది కొడుకులు ఒకే మాటల్లో ఏడ్చారు. దినపత్రికల విద్యా పేజీలూ ఈ పుణ్యంలో పాలుపంచుకున్నాయి. డైరీ అయినా సంభాషణ అయినా పనికొచ్చే వాక్యాలు పది నేర్పితే ఏ ప్రశ్న వచ్చినా వాటినే తిప్పి రాయవచ్చన్న కిటుకు ట్యూషన్ సెంటర్లు కనిపెట్టాయి. ఓ మంచి సంస్కరణ నిలబడాలంటే దిద్దే చోట దానికి కాపలా ఉండాలి. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒక టీచరు ముందు రోజుకు ముప్పై నలభై పేపర్లు పెడతాం. పేపరుకు పది పన్నెండు నిమిషాలు. అందులోనే చిన్న ప్రశ్నలు, బిట్లు, టోటలింగ్, పార్ట్ విడదీయడం. ఆ టీచరు ఒక పిల్ల వాదనలోని బలం తూచాలంటే ఎప్పుడు తూచాలి? చూపు పడేది పేజీ నిండిందా, చేతిరాత బాగుందా, సైడ్ హెడింగులు ఉన్నాయా అన్న వాటి మీదే. దానికి తగ్గట్టే బడులు చేతిరాతకు స్పెషల్ క్లాసులు పెడుతున్నాయి.

ఇక కార్పొరేట్ కాలేజీల విషయం. ఇంటర్‌లో చేరిన పిల్లవాడి టైమ్‌టేబుల్‌లో ఇంగ్లిష్ ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతకాలి. ఏడాదంతా జేఈఈ, నీట్, ఈఏపీసెట్. ఇంటర్ పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాక కొన్ని వారాలు లాంగ్వేజీలకు వదులుతారు. సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుని జవాబులు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో రాసి తొంభై తొమ్మిది తెచ్చుకునే విద్య ఎలాగూ స్థిరపడిపోయింది, దాని గురించి మాట్లాడటం కూడా దండగ. ఇంగ్లిష్‌కూ అదే మర్యాద. నోట్సు ఇస్తారు, పదిసార్లు రాయిస్తారు, ర్యాంకు ఫ్లెక్సీ కడతారు. తల్లిదండ్రులు అడిగేది ఎన్ని మార్కులని. ఏం చదివావురా అని అడిగే తండ్రి అరుదు.

ఈ గోలలో మనం పదేళ్లుగా దేనిమీద కొట్టుకున్నాం? మాధ్యమం మీద. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులన్నీ ఇంగ్లిష్ మీడియం చేస్తామని జీవోలిచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022లో తానూ ఇంగ్లిష్ మీడియం బాట పట్టింది. పేదపిల్లలకు ఇంగ్లిష్ హక్కు అని ఒక పక్షం, మాతృభాషే మూలమని మరో పక్షం టీవీ స్టూడియోల్లో గొంతులు చించుకున్నాయి. ఆ ఇంగ్లిష్‌తో పిల్లలు ఏం చేయాలి, ఏం చదవాలి, ఏం రాయాలి అని రెండు పక్షాల్లో ఒక్కరూ అడగలేదు. 2024 జనవరిలో ఆంధ్రలో ఇంటర్నేషనల్ బకలారియేట్ (ఐబీ) పేరు కూడా ఘనంగా వినిపించింది, ప్రభుత్వం మారాక అటకెక్కింది. ఆ ఐబీలో ఏముంది? ప్లస్ టూ ముగించే ప్రతి పిల్లా తాను ఎంచుకున్న విషయం మీద నాలుగు వేల పదాల దాకా వ్యాసం రాయాలి, ఆధారాలతో. నవలలు పూర్తిగా చదవాలి. హైదరాబాద్‌లో ఏడాదికి లక్షలు కట్టగలవారి పిల్లలు ఆ పని ఇవాళ కూడా చేస్తున్నారు. అంటే వాదించడం డబ్బున్నవారి పిల్లలకు, అప్పజెప్పడం మిగతావారికి. ఈ విభజన మాధ్యమం తగువు కన్నా లోతైనది.

దీని బిల్లు పిల్లలు తర్వాత కడుతున్నారు. బీటెక్ అయ్యాక అమెరికా వెళ్లాలనుకున్న కుర్రాడు అమీర్‌పేటలో కోచింగ్‌కు వెళతాడు. జీఆర్ఈలో ఒక అభిప్రాయం ఇచ్చి, దానితో ఎంతవరకు ఏకీభవిస్తావో ముప్పై నిమిషాల్లో కారణాలతో రాయమంటారు. 2023 సెప్టెంబరు దాకా ఇంకో వ్యాసం కూడా ఉండేది, అందులో ఎవరో చేసిన వాదన ఇచ్చి దాని డొల్లతనం పట్టుకోమనేవారు. ఐఈఎల్‌టీఎస్‌లో నలభై నిమిషాల్లో రెండొందల యాభై పదాల వాదన. పద్నాలుగేళ్లకు బడిలో ఉచితంగా అబ్బాల్సిన విద్యకు ఇరవై రెండేళ్లప్పుడు వేలు పోస్తున్నాం. పోసినా అక్కడ దొరికేది మళ్లీ టెంప్లేటే: మొదటి పేరాలో ఈ వాక్యం, రెండో పేరాలో ‘ఆన్ ద అదర్ హ్యాండ్’. ఆఖరికి తాను ఎందుకు చదువుకోవాలనుకుంటున్నాడో చెప్పే ఎస్‌ఓపీని సైతం కన్సల్టెన్సీవాళ్లే రాసిపెడతారు. గైడుతో మొదలైన ప్రయాణం కన్సల్టెన్సీ దగ్గరికి చేరింది. ఇప్పుడు ఫోనులోని ఏఐ ఆ రెండు పనులూ ఉచితంగా చేస్తోంది. బడి నేర్పిందల్లా ఎవరో రాసింది తనదిగా అప్పజెప్పడమే అయినప్పుడు, యంత్రం రాసింది దించుకున్నాడని ఆ పిల్లవాడిని నిలదీసే అర్హత ఆ బడికి ఎక్కడిది?

వాదన మన గడ్డకు పరాయిది అనుకుంటే పొరపాటు. తర్కశాస్త్రం మొదలుపెట్టేవారు దేశమంతటా ఇవాళ్టికీ పట్టుకునే ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు తెలుగువాడు. కొండమీద నిప్పుందని నువ్వంటే, ఎందుకని అడుగుతుంది న్యాయశాస్త్రం. పొగ కనిపిస్తోంది. పొగుంటే నిప్పుండాలనేముంది? వంటింట్లో చూశాం గనుక. ఈ కొండమీది పొగా అలాంటిదే. కనుక నిప్పుంది. ఈ అయిదు మెట్లూ, ముందుగా ఎదుటివాడి పూర్వపక్షాన్ని నిజాయతీగా చెప్పి తర్వాత సిద్ధాంతం చెప్పే పద్ధతీ ఎన్నో వందల ఏళ్లు నడిచాయి. 1958లో స్టీఫెన్ టూల్మిన్ రాసిన పుస్తకం ఆధారంగా అమెరికా బడులు నేర్పే ప్రతిపాదన, ఆధారం, రెంటినీ కలిపే సూత్రం, అభ్యంతరం అన్న పద్ధతికీ దీనికీ చుట్టరికం కనిపిస్తూనే ఉంది. ఒకప్పుడు ఈ విద్య కొద్ది కులాల గడప దాటలేదు. దాన్ని అందరి బడిలోకీ తేవడానికి ఇప్పుడు అడ్డు ఏమిటి?

ఇంగ్లిష్‌లో వాదించడానికీ మనకు పెద్దలున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయం పిల్లల తెలుగు రచనలో వాడుక భాషను ఒప్పుకోవాలా వద్దా అని కమిటీ వేస్తే, 1914లో గురజాడ అప్పారావు తన అసమ్మతిని ఇంగ్లిష్‌లో పుస్తకమంత రాశారు. ఎదుటి పక్షం ప్రతి వాదననూ ఎత్తుకుని, ఉదాహరణలు గుప్పించి, కవుల ప్రయోగాలు చూపించి ఖండించారు. కమిటీలో ఆయన పక్షం ఓడిపోయింది, తర్వాతి కాలం ఆయన్ను గెలిపించింది. మన పిల్లలు గురజాడ పుట్టిన తేదీ, బిరుదులు, రచనల జాబితా రాస్తారు. ఆయన ఎలా వాదించాడో ఒక్క పేజీ చదివినవాళ్లు లేరు. (‘కన్యాశుల్కం’ నాటకంలో ఆయన సృష్టించిన గిరీశం ఏ పక్షాన నిలబెట్టినా వాదించి నెగ్గగల ఘటికుడు. పాపం శిష్యుడు వెంకటేశానికి ఆ విద్య చెప్పకుండా చుట్ట కాల్చడం నేర్పాడు. మన బోర్డులకు ఆదర్శం ఎవరో తెలుస్తూనే ఉంది.) అంబేడ్కర్ 1936లో లాహోర్ సభ కోసం రాసిన ప్రసంగాన్ని నిర్వాహకులు మార్చమంటే మార్చనని తానే అచ్చు వేయించారు. దాన్ని గాంధీ ‘హరిజన్’లో విమర్శించారు. ఆ విమర్శనూ దానికి తన జవాబునూ కలిపి అంబేడ్కర్ మరుసటి ఏడాది మళ్లీ అచ్చు వేశారు. ఎదుటివాడి మాటను తన పుస్తకంలోనే పెట్టుకుని జవాబు చెప్పడం! హైస్కూలు పిల్లలకు చూపడానికి ఇంతకన్నా మంచి నమూనా ఏ దేశంలో వెతకాలి?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. మారుమూల బడిలో పిల్లలు ఇంగ్లిష్ వాక్యం కూడబలుక్కుని చదవడానికే కష్టపడుతుంటే నవలలు, వాదనలు అంటూ ఈ సంపాదకీయాలేమిటని. లెక్కలూ అలాగే ఉన్నాయి. 14 నుంచి 18 ఏళ్లవారి మీద 2023లో జరిగిన అసర్ సర్వేలో దాదాపు నాలుగో వంతు మందికి తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పేరా సాఫీగా చదవడం రాలేదు. ఇంగ్లిష్ వాక్యాలు చదవగలిగినవారు 57 శాతం. నిజం దాచాల్సిన పని లేదు. కానీ ఈ ఫలితం ఏ పద్ధతిలో వచ్చింది? అర్థం కానిదాన్ని పదేపదే రాయించే పద్ధతిలోనే కదా. 1992లో కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ మరుసటి ఏడాది నివేదిక ఇస్తూ, బడి సంచీ బరువు కన్నా అర్థం కాకపోవడమనే బరువు పెద్దదని తేల్చింది. ఆ కమిటీ పుట్టడానికి ఓ కారణం నవలా రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో పిల్లల గోస మీద చేసిన ప్రసంగం. ముప్పై ఏళ్లు దాటినా ఆ బరువు దిగలేదు. బలహీనంగా చదివే పిల్లకు ముందు కథ కావాలి, మాట్లాడటానికి కారణం కావాలి. ఆమె మొదట తెలుగులోనే వాదించనివ్వండి. రచ్చబండ దగ్గర, ఇంట్లో అన్నతో, పంచాయతీ కుళాయి దగ్గర ఆమె రోజూ వాదిస్తూనే ఉంది. కారణం చూపించడం ఆమెకు తెలుసు. ఆ తెలిసినదాన్ని ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలుగా దింపడమే టీచరు పని. తప్పులుంటాయి. వ్యాకరణం తప్పి ఆలోచన సొంతమైన నాలుగు వాక్యాలకు, తప్పుల్లేని అరువు పేజీ కన్నా ఎక్కువ మార్కులు వేయాలి.

పుస్తకమూ మన చేతికందేదే ఉంది. నారాయణ్ ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ 1935 నాటిది, చిన్న నవల, వాక్యాలు తేలిక. మన పాఠ్యపుస్తకాలు అందులోంచి అప్పుడో ముక్క ఇప్పుడో ముక్క విరిచి పెట్టాయే గాని మొత్తం ఇవ్వలేదు. మొదట్లోనే మిషన్ బడిలో ఎబెనెజర్ మాస్టారు హిందూ దేవుళ్లను గేలి చేస్తూ ఏసును పొగుడుతుంటే, మరి ఆయన్ను శిలువ ఎందుకు వేశారని స్వామి అడిగేస్తాడు. ప్రశ్నలు ఆపనందుకు చెవి మెలిపెట్టించుకుంటాడు. అక్కడ ఆపి అడగండి: స్వామి ప్రశ్న అమాయకమా, వాదనా? మాస్టారికి కోపం ఎందుకొచ్చింది? పోలీసు అధికారి కొడుకు రాజం బడిలో అడుగుపెట్టినప్పుడు వాడి గురించి ఏమనుకున్నావో పెన్సిలుతో మార్జిన్‌లో రాసుకో. సగంలో మళ్లీ చూసుకో. మారిందా? ఏ సంఘటన దగ్గర? క్రికెట్ మ్యాచ్ రోజున స్వామి లేకపోవడం ఎవరి తప్పు? చివరికి రాజం ఊరు వదిలి వెళ్లిపోతుంటే స్టేషన్‌లో స్వామి తన స్నేహితుడి చేత ఒక పుస్తకం అందిస్తాడు. రాజం క్షమించాడా లేదా? నారాయణ్ తేల్చి చెప్పలేదు. తేల్చకపోవడం వల్లే అది పరీక్షకు పనికొచ్చే ప్రశ్న. క్షమించాడని రాసినా, లేదని రాసినా మార్కులు సమానం. తేడా అంతా నవలలోంచి ఏ ఆధారం చూపించావు, ఎదుటి పక్షానికి ఏం జవాబు చెప్పావు అన్నదాంట్లోనే. పుస్తకం పక్కన పెట్టుకుని రాయనివ్వండి. చదవనివాడికి ఆ మూడు గంటల్లో పుస్తకం చేతిలో ఉన్నా ఒరిగేదేమీ లేదు. ప్రశ్న ఏటా మారితే గైడువాడు ఏం అచ్చు వేయగలడు?

దిద్దడం వ్యక్తిగతం అయిపోతుందని, కోర్టుకు వెళతారని బోర్డు అధికారులు భయపడతారు. దానికి ఉపాయాలు ఉన్నాయి. నాలుగు అంశాల కొలమానం ముందే బడులకు ఇవ్వాలి: నిలబడిన పక్షం స్పష్టమా, ఆధారం పాఠంలోంచేనా, అభ్యంతరం ఎత్తుకున్నాడా, చదివితే అర్థమవుతోందా. ఈ ఒక్క ప్రశ్నను ఇద్దరు దిద్దాలి. రోజుకు దిద్దే పేపర్ల సంఖ్య తగ్గించి, ఆ మేరకు రోజులు పెంచాలి. ఫలితాలు వారం ఆలస్యమైతే కొంప మునగదు. టీచర్లకూ నవలలు కొనివ్వాలి, చదవడానికి వేళ ఇవ్వాలి. ఫొటోలు యాప్‌లో ఎక్కించడం లాంటి పనులు కొంత తగ్గిస్తే ఆ వేళ ఎక్కడిదో దొరుకుతుంది. ఆస్తిపన్నుతో కలిపి రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ఆ డబ్బులో కొంతైనా హైస్కూలుకు ఒకే నవల నలభై ప్రతులుగా చేరితే తరగతి మొత్తం ఒకేసారి చదవగలదు. తాళం వేసిన బీరువాలో వంద రకాల పుస్తకాలు ఒక్కో ప్రతి చొప్పున ఉండి ప్రయోజనం లేదు.

డబ్బు, చట్టం, కమిటీ ఏదీ అడ్డు కాదు. తెలంగాణ ఇంటర్ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లిష్‌కూ ప్రాక్టికల్స్ పెట్టి ఇరవై మార్కులు కేటాయించింది. ఎన్నో దశాబ్దాలుగా లేని మాట్లాడే పరీక్ష ఒక్క నిర్ణయంతో వచ్చేసింది. అలాగే పదో తరగతి, ఇంటర్ ఇంగ్లిష్ పేపర్లలో ఇరవై మార్కులు, ఏడాదంతా చదివిన ఒక పూర్తి నవల మీద, ముందుగా తెలియని ఒక్క వాదన ప్రశ్నకు కేటాయించాలి. ‘క్రిటికల్ కామెంట్’ గడిని కొట్టేయాలి. ప్రశ్నపత్రం నమూనా మార్చే అధికారం రెండు రాష్ట్రాల్లోనూ బోర్డుల చేతిలోనే ఉంది. జూన్‌లో బడులు తెరిచేలోగా ఆ ఉత్తర్వు రావాలి.